మ్యాప్‌లో ఉన్న కాలువ

మృగశిర కార్తె

ఈ ఏడాది చేపలబజారు వీధి ప్రతినిధిగా చీటీలో నా పేరు వచ్చింది. నా పేరు వీరవేణి. వీధి చివర, గూడ్సు పట్టాల గట్టుకు ఇవతల, బ్యాటరీల కొట్టు నాది. వీధిలో ఏం జరిగిందో కార్తెకోసారి రాసిపెట్టడం ప్రతినిధి పనుల్లో ఒకటి. నాకు ముందు చేసినాయన ప్రతి కార్తెకీ "విశేషాలు లేవు" అని రాసి వదిలేశాడు. నాకు మొదటి వానకే విశేషం దొరికింది.

తెల్లవారుజామున పట్టిన వాన మధ్యాహ్నానికి తెరిపిచ్చింది. కొట్టు తలుపు తీసేసరికి గుమ్మం ముందు నీళ్లు. కింది అరలో ఉన్న బ్యాటరీలన్నీ పై అరకి ఎక్కించాను. మా ఊళ్లో పారే నీళ్లన్నీ ఉప్పునీళ్లే. తగిలాయంటే బ్యాటరీ ఉబ్బుతుంది, పొగ పెడుతుంది, ఒక్కోసారి అంటుకుంటుంది. వీధిలో రిక్షాలు, చేపల ఫ్రిజ్జులు, ముసలివాళ్ల ఆక్సిజన్ మిషన్లు వీటి మీదే నడుస్తాయి. అందుకని ముందు ఇవి, తర్వాతే ఇల్లు.

మా ఊరికి కాగితాల మీద వేరే పేరుంది కానీ అందరూ కట్టలోపల అనే అంటారు. కట్ట ఎక్కి చూస్తే ఒక పక్క సముద్రం, రెండో పక్క సముద్రం కంటే దిగువన మేము. పడిన వానంతా కాలువల్లోంచి మోటారు షెడ్డుకు లాగి కట్ట అవతలికి ఎత్తిపోయాల్సిందే. ఏ వీధి నీళ్లు ఎప్పుడు వదలాలో, ఏ తలుపు ఎంత తెరవాలో చెప్పే యంత్రాన్ని పంపకం అంటాం. నేను పుట్టకముందు నుంచీ ఉంది.

పక్క గోడౌనులో అబ్బులు బాబాయ్ ఎండుచేపల గంపలు అటక ఎక్కిస్తున్నాడు. డెబ్బై దాటిన మనిషి. సాయం పడతానంటే వద్దన్నాడు.

"ఒకసారి ఇటొచ్చి చూడమ్మా," అని వీధి పక్కనున్న చిన్న కాలువ చూపించాడు. "నీళ్లు పోతన్నాయా, వత్తన్నాయా?"

వంగి చూశాను. మోటారు షెడ్డు వైపు పోవాల్సిన నీళ్లు వీధిలోకి పొంగుతున్నాయి. పైన తేలుతున్న కొబ్బరి చిప్ప ఒకటి మా కళ్లముందే కాలువ దాటి గోడౌను గుమ్మంలోకి వచ్చింది.

"నువ్వు ప్రతినిధివి కదా," అన్నాడు బాబాయ్. "ఎళ్లి అడుగు."

ఆరుద్ర కార్తె

నీటి సభ కార్యాలయం కట్ట మీద ఉంది. సభ్యులకూ అధికారులకూ కూడా మాలాగే చీటీలో పేర్లు వస్తాయి, కాకపోతే రెండేళ్లకి. మా వైపు వార్డులకు నీటి అధికారి ఎస్తేరు రాణి గారు. అంతకు ముందు పళ్ల డాక్టరు. వయసులో నాకంటే చిన్నదే. బల్ల మీద తెర పెట్టుకుని కూర్చుంది.

"మీ వీధి పచ్చగానే చూపిస్తోందండీ," అని తెర నా వైపు తిప్పింది. పచ్చ అంటే సమస్య లేదని.

"మీకు పచ్చగానే ఉందండి. మాకు బురదగా ఉంది."

ఆవిడ నవ్వలేదు, కోపగించుకోనూ లేదు. "చూడండి వీరవేణి గారూ, నాకు తెలిసింది పళ్లు. కాలువల సంగతి పంపకం ఏం చెబితే అదే నాకు ఆధారం. అది తప్పని నేను సభలో అనాలంటే, నేను చూసి ఉండాలి."

"అయితే వచ్చి చూడండి. ఎండలో కాదు, వానలో రండి."

"వాన పడితే సీట్లో ఉండాలని నియమం."

"పన్ను నొప్పని వచ్చినవాళ్లని నోరు తెరిపించకుండానే పంపేసేవారాండి?"

ఈసారి నవ్వింది. వస్తానని మాత్రం అనలేదు.

ఇంటికొచ్చి కింది అర మొత్తం తీసేసి, దాని చెక్కలతో పైన ఇంకో అర కొట్టుకున్నాను. మా ఆయన లోవరాజు కట్ట మరమ్మతు గ్యాంగులో పని చేస్తాడు. వారానికోసారి ఇంటికొస్తాడు. ఆ అర చూసి, "ఇంకా పైకంటే కప్పు తియ్యాలి," అన్నాడు.

పునర్వసు కార్తె

ఆవిడ వచ్చింది. మంచి వానలో, గొడుగు గాలికి తిరగబడిపోతే మూసేసి చంకలో పెట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, పిక్కల లోతు నీళ్లలో నడుచుకుంటూ వచ్చింది. అబ్బులు బాబాయ్ గోడౌను అరుగు మీద నిలబెట్టి కాలువ చూపించాడు. చాలాసేపు చూసింది.

"ఈ నీళ్లు మీ వీధివి కావు," అంది చివరికి. "పట్టాల అవతల నుంచి వస్తున్నాయి. అక్కడ ఒక తలుపుంది. పంపకం చెప్పినట్టు అది సగం తెరిచి ఉంది."

అవతల ఉన్నది పాలకంపెనీ వీధి. గట్టు ఎత్తుగా ఉండటంతో మాకు ఆ వీధి కనిపించదు. వంతెన ఎక్కి దిగితే తప్ప పోలేం కాబట్టి పోయేవాళ్లూ తక్కువే. వాళ్ల నీళ్లు గట్టు చుట్టూ తిరిగి మా చిన్న కాలువలో కలుస్తాయని ఆ రోజు దాకా నాకు తెలియదు.

"ఆ తలుపు మూసేత్తే?" అన్నాడు బాబాయ్.

తలుపులు తెరవడం, మూయడం ఆవిడ చేతిలో పనే. పంపకం సలహా మాత్రమే ఇస్తుంది. అయినా ఇన్నేళ్లలో ఏ అధికారీ దాన్ని కాదన్నట్టు లేదు. ఆవిడ చేతిలో ఉన్న చిన్న తెరని చీర చెంగుతో తుడిచి, ఏదో నొక్కింది. మేము అలా నిలబడి ఉండగానే వీధిలో నీళ్లు తగ్గడం మొదలైంది.

వీధి వీధంతా బయటికొచ్చింది. ఎవరో నా భుజం తట్టారు. ప్రతినిధి అంటే ఇలా ఉండాలన్నారు. నాకు చాలా గర్వంగా అనిపించింది. ఆ నీళ్లు ఎటు పోతాయని నేను అడగలేదు. వీధిలో ఎవరూ అడగలేదు.

పుష్యమి కార్తె

వానలు గట్టిగానే పడ్డాయి. మా వీధి తడిసింది, ఆరింది, అంతే. కొట్టు ముందు ముగ్గు వేసుకున్నాను.

కార్తె చివర్లో ఒకతను రిక్షా తోసుకుంటూ వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. మా వీధి మనిషి కాదు. బ్యాటరీ విప్పి చూస్తే ఉప్పు తినేసి తెల్లగా పొరలు కట్టి ఉంది.

"నీళ్లలో ముంచారా?" అన్నాను.

"మేం ముంచలేదక్కా, అదే మునిగింది. పాలకంపెనీ వీధి మాది. ఈ కార్తెలో మూడు సార్లు ఇళ్లలోకొచ్చేసేయి నీళ్లు. ముందెప్పుడూ ఇలా లేదు." కొట్టు గుమ్మం కేసి, ముగ్గు కేసి చూశాడు. "మీ వైపు పొడిగానే ఉందేంటి?"

నేను బ్యాటరీ బిగిస్తూ ఉండిపోయాను.

"మా గోడ నాని కూలిపోయింది," అన్నాడు. "మా అమ్మ మీద పడింది. కాలు ఇరిగింది."

అతని పేరు జిలానీ. రిక్షా ఎక్కి వెళ్లిపోయేదాకా తలుపు సంగతి చెప్పలేకపోయాను.

ఆశ్లేష కార్తె

రెండు రోజులు నాలో నేనే నలిగి, మూడో రోజు వంతెన ఎక్కి అవతల దిగాను.

పాలకంపెనీ ఇప్పుడు లేదు, పొగగొట్టం ఒకటి మిగిలింది. ఇళ్లు మట్టి ఇటుకలవి. ప్రతి గోడకీ నడుం ఎత్తున నీటి చార. జిలానీ ఇంటికి మూడు గోడలే ఉన్నాయి, నాలుగో వైపు టార్పాలిన్ కట్టారు. వాళ్లమ్మ బీబమ్మ మంచం మీద కూర్చుని, కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని, చింతపండు గింజలు తీస్తోంది.

నేను నిలబడే చెప్పాను. మా వీధి మునుగుతోందని నేనే వెళ్లి అడిగాననీ, నీటి అధికారి మీ వైపు తలుపు మూసేసిందనీ, మేము సంబరపడ్డామనీ.

జిలానీ ముఖం ఎర్రబడింది. "ఆ రోజు బ్యాటరీ బిగిత్తా కూడా చెప్పలేదు కదక్కా నువ్వు."

"చెప్పలేదు."

"బయటికి నడు."

"ఆగరా," అంది బీబమ్మ, గింజ గిన్నెలో పడేస్తూ. "ఆ తలుపు తెరిచున్నన్నాళ్లూ మనకి పొడిగానే ఉందిగా. మన నీళ్లు ఎవరింట్లో దూరుతున్నాయో మనం ఏ రోజైనా అడిగామా?" తర్వాత నా కేసి తిరిగింది. "నువ్వు చెప్పడానికొచ్చేవా, ఏమైనా చెయ్యడానికొచ్చేవా?"

"ఏం చెయ్యాలో తెలీదు పిన్నీ."

"అయితే కూర్చుని ఆలోచించు. నిలబడితే నాకు మెడ నొప్పి."

కూర్చున్నాను. కాసేపటికి జిలానీ కూడా గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఆ సాయంత్రం ఇద్దరం కలిసి ఎస్తేరు గారి దగ్గరికి వెళ్లాం. గోడ సంగతి ఆవిడ జిలానీ చేత మొదటి నుంచీ మళ్లీ చెప్పించుకుంది. తర్వాత తలుపు మళ్లీ సగం తెరిచింది.

మఖ కార్తె

మా వీధికి మళ్లీ నీళ్లొచ్చాయి. ఎందుకొచ్చాయో దాచకుండా చెప్పాను. భుజం తట్టినవాళ్లే మొహం తిప్పుకున్నారు. అబ్బులు బాబాయ్ రోజూ పొద్దున్న నా కొట్లో టీ తాగేవాడు. రావడం మానేశాడు.

ఎస్తేరు గారు మాత్రం ఊరుకోలేదు. ఒక ఎండ రోజు చూసుకుని వచ్చింది. "ఒక సంగతి నాకు అర్థం కావట్లేదు," అంది. "రెండు వీధుల నీళ్లూ ఒక్క చిన్న కాలువలో పట్టవు. మరి పంపకం పడతాయని ఎందుకు అనుకుంటోంది?" అని మ్యాపు తీసి చూపించింది. పాలకంపెనీ వీధి నుంచి పట్టాల కింద తూములోంచి, నేరుగా మోటారు షెడ్డుకు పోయే పెద్ద కాలువ దాకా, నీలం గీత ఉంది. చిన్న కాలువకి నాలుగింతలు వెడల్పు.

"ఈ కాలువ ఎక్కడుంది?" అన్నాడు జిలానీ.

"పదండి, చూద్దాం."

ముగ్గురం పాలకంపెనీ వైపు నుంచి మొదలుపెట్టాం. గట్టు పక్కన తుమ్మ కంపల్లో తూము దొరికింది. దాని నోటినిండా మట్టీ ప్లాస్టిక్కూ పేరుకుపోయి ఉన్నాయి. వంతెన ఎక్కి ఇవతల దిగాం. ఇవతల తూము మూసుకుపోవడమే కాదు, దాని మీద టీ బంకు ఉంది. ఎస్తేరు గారు తెర చూసుకుంటూ, గీత వెంబడే నడుస్తోంది. బంకు దాటింది. అబ్బులు బాబాయ్ గోడౌను గోడ తగిలింది. చుట్టూ తిరిగి వచ్చి, నా కొట్లోకి అడుగుపెట్టి, బ్యాటరీల అరల మధ్య ఆగింది.

"ఇక్కడండీ," అంది. "మనం కాలువలో నిలబడి ఉన్నాం."

కట్ట కట్టిన కొత్తలో, మునిగిన ఊళ్ల నుంచి జనం వస్తూనే ఉన్నారు. చోటు లేక అప్పటి సభ కాలువ పూడ్చి స్థలాలు ఇచ్చేసింది. పంపకానికి ఆ మాట ఎవరూ చెప్పలేదు. ఇన్నేళ్లుగా అది లేని కాలువలోంచి నీళ్లు పంపుతూనే ఉంది. ఆ స్థలాల్లో ఒకటి మా నాన్నకి వచ్చింది. ఒకటి అబ్బులు బాబాయ్‌కి.

పుబ్బ కార్తె

సభలో చెప్పాం. జిలానీ చెప్పాడు, నేను చెప్పాను, ఎస్తేరు గారు మ్యాపు చూపించింది. అధ్యక్షుడు చీటీకి ముందు లారీలు నడిపినాయన, మంచివాడే. "అయితే పంపకానికి నిజం చెబుదాం," అన్నాడు. అక్కడికక్కడే ఆ నీలం గీత తాత్కాలికంగా చెరిపి లెక్క కట్టమన్నారు.

కొద్దిసేపట్లో గోడ మీద పెద్ద తెరలో జవాబు వచ్చింది. పాలకంపెనీ వీధి నివాసానికి పనికిరాదు. వీధిని ఖాళీ చేయించి నీటి నిల్వకు వాడుకుంటే మిగతా వార్డులకు ఇబ్బంది ఉండదు.

జిలానీ ఆ రెండు వాక్యాలూ మళ్లీ చదివాడు. "మేం ఇబ్బంది ఉందని చెప్పడానికొచ్చేం," అన్నాడు. "మమ్మల్నే తీసెయ్యమంటందేంటండి?"

కట్ట మీద రేకుల షెడ్లు ఉన్నాయనీ, తాత్కాలికమేననీ అధ్యక్షుడు అన్నాడు. ఆ షెడ్లలోకి తాత్కాలికంగా వెళ్లి అక్కడే పెళ్లిళ్లు చేసుకున్నవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. కాలువ మళ్లీ తవ్వండి అన్నాను. కొత్త కాలువకి అన్ని వార్డుల లెక్కలూ మార్చాలి, వానాకాలంలో కుదరదు, వేసవిలో చూద్దామన్నారు. స్వాతి కార్తెలోపు వీధి ఖాళీ చెయ్యాలని తీర్మానం రాసుకున్నారు. మ్యాపు సంగతి మాత్రం వేసవికి వాయిదా వేసి, గీత ఎప్పటిలా పెట్టేశారు.

బయట మెట్ల మీద ముగ్గురం కూర్చున్నాం. ఎస్తేరు గారు ఉన్నట్టుండి, "గీత ఇంకా ఉంది," అంది.

"ఉంటే ఏంటండి?"

"కొత్త కాలువ తవ్వాలంటే సభ ఒప్పుకోవాలి. ఉన్న కాలువలో పూడిక తియ్యడానికి అక్కర్లేదు. అది నా పరిధిలో పని." ఆవిడ తెర మీద ఆ గీత మళ్లీ చూపించింది. "రికార్డుల ప్రకారం కాలువ ఉంది. పూడిపోయింది. నేను పూడిక తీయిస్తాను. కాకపోతే ఆ స్థలాలు మీకిచ్చినవి. మీరు వద్దంటే మాత్రం నేను గునపం దింపలేను."

ఉత్తర కార్తె

లోవరాజు వచ్చాక చెప్పాను. అతను అన్నం తింటూ విన్నాడు.

"కొట్టు సగం పోద్దా, మొత్తమా?"

"సగం. ఆ మిగిలిన సగంలో అరలు పట్టవు."

"బ్యాటరీలు వెనక మనింటి మేడ మీద వరండాలో పెట్టుకోవచ్చు. మొయ్యడం కష్టం గానీ." మజ్జిగ పోసుకున్నాడు. "మీ నాన్న స్థలం. నువ్వు ఏవంటే అదే."

నాన్న ఆ కొట్టు గోడలు తనే కట్టాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదని మాత్రం రాస్తాను. పొద్దున్న సరేనన్నాను. టీ బంకువాళ్లు, బంకు ఎక్కడైనా పెట్టుకోవచ్చన్నారు. అబ్బులు బాబాయ్ ఒక్కడే మిగిలాడు.

గోడౌనుకి వెళ్తే కూర్చోమనలేదు.

"నువ్వేం అడగడానికొచ్చేవో తెల్సు. అడక్కు," అన్నాడు. "మా ఊరు సముద్రంలో పోయింది, లేచొచ్చేను. తర్వాతున్న ఊరూ పోయింది, లేచొచ్చేను. మూడోసారి కట్ట కింద గుడిసేసుకుంటే, కట్ట ఎడల్పు చెయ్యాలని ఆళ్లు లేపేరు. అప్పుడిచ్చేరు ఈ స్థలం. నాలుగోసారి ఎవరు లేపినా లేవను."

"అవతల వీధోళ్లని లేపుతున్నారు బాబాయ్."

"తెల్సమ్మా. ఆళ్లని చూత్తే నాకు జాలే. అయినా లేవను."

కోపంగా అనలేదు. నేను తిరిగొచ్చేశాను. ఎస్తేరు గారికి చెప్పాను. బలవంతం చెయ్యనంది. ఆ సాయంత్రం ముగ్గురం కొట్లో నేల మీద సుద్దతో గీసుకుంటూ కూర్చున్నాం. కాలువ నేరుగా పోతే గోడౌను మధ్యలోంచి పోతుంది. గోడౌను గోడ పక్కనుంచి వంపు తిప్పాలంటే నా కొట్టు స్థలం సగం చాలదు, మొత్తం కావాలి.

"వంపు దగ్గర నీళ్లు ఒరుసుకుంటాయక్కా," అన్నాడు జిలానీ. "మంచిది కాదు."

"ఇప్పటికి ఇదే ఉంది," అన్నాను. కొట్టు మొత్తం ఇచ్చేశాను.

హస్త కార్తె

రెండు వీధులూ తవ్వాయి. పొద్దున్న మేము, సాయంత్రం పాలకంపెనీ వాళ్లు, ఎండ ఎక్కువున్న రోజు అందరూ కలిసి. నా కొట్టు గోడలు పడేసేటప్పుడు నేను మేడ మీద బ్యాటరీలు సర్దుకుంటూ ఉన్నాను, కిందికి చూడలేదు. తూములోంచి ప్లాస్టిక్కు బళ్ల కొద్దీ వచ్చింది. జిలానీ లోపలికి పాక్కుంటూ వెళ్లి, అవతల వైపు తల బయటపెట్టేసరికి గట్టు మీద ఉన్నవాళ్లంతా నవ్వారు.

బీబమ్మ కుర్చీతో సహా వంతెన మీదకి ఎక్కించుకుని, పై నుంచి అజమాయిషీ చేసింది. అబ్బులు బాబాయ్ తవ్వకానికి రాలేదు. కానీ రోజూ మధ్యాహ్నం మంచినీళ్ల బిందె ఒకటి గోడౌను అరుగు మీద పెట్టి, లోపలికి వెళ్లిపోయేవాడు.

సభ నుంచి ఎస్తేరు గారికి రెండుసార్లు కబురొచ్చింది, ఏం చేస్తున్నారని. పూడిక తీయిస్తున్నానని జవాబిచ్చింది.

చిత్త కార్తె

ముందురోజు నుంచీ తుపాను గాలి. పొద్దున్నే వాన మొదలైంది, ఆకాశం ఊడిపడ్డట్టు.

కాలువలోకి నీళ్లొచ్చాయి. తూములోంచి ఎర్రగా, నురగతో, మా కొట్టు ఉన్న చోటుగుండా వంపు తిరిగి, పెద్ద కాలువలో పడ్డాయి. వీధిలో నీళ్లు లేవు. జిలానీ గట్టు మీద నుంచి చెయ్యి ఊపాడు, అటు కూడా లేవని. ఎస్తేరు గారు ఈసారి కూడా సీటు వదిలేసి వచ్చింది. ఒక గంట దాకా అంతా బాగానే ఉంది.

తర్వాత వంపు దగ్గర మట్టి జారడం మొదలైంది. నీళ్లు గోడౌను మూల కింద తొలిచేస్తున్నాయి. బాబాయ్‌ని బయటికి రమ్మని కేకేశాను. గంపలు రెండు చంకల్లో పెట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. అంతలో ఆ మూల గోడ, దాని మీది కప్పు పలకలతో సహా, కాలువలో పడిపోయింది.

కాలువ అక్కడికక్కడే మూసుకుపోయింది.

"ఎనక్కొచ్చేత్తన్నాయి!" జిలానీ కేక గాలిలో సగం వినబడింది. "మా ఇళ్లలోకి!"

పలకలకి తాళ్లు కట్టి లాగాం. పది మందిమి లాగినా కదల్లేదు, వెనకనుంచి నీళ్లు అదిమి పట్టేశాయి. నీళ్లకి ఇంకొక్కటే దారి ఉంది. మిగిలిన గోడౌను అడ్డం లేకపోతే నేరుగా పోతాయి, మ్యాపులో ఉన్నట్టు. అది అందరికీ కనిపిస్తోంది. లెమ్మని బాబాయ్‌తో ఎవరూ అనలేదు. ఎస్తేరు గారు నా కేసి చూసింది. నేను బాబాయ్ కేసి చూడలేకపోయాను.

ఆయన గంపలు అరుగు మీద దించాడు. కూలిన మూలని, గట్టు మీద నిలబడ్డ జిలానీని చూశాడు. గట్టు అవతల నుంచి పిల్లల్ని ఎత్తుకుని జనం వంతెన ఎక్కుతున్నారు. నెత్తి మీద మూటలు.

"గునపం ఇలా ఇయ్యి," అన్నాడు నాతో.

ఇచ్చాను. లోపలికి వెళ్లి, వెనక గోడ మీద మొదటి దెబ్బ వేశాడు. ఇటుక కదల్లేదు. రెండోది వేశాడు. మేము ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉన్నాం.

"చూత్తారేంటి?" అన్నాడు వెనక్కి తిరక్కుండా. "కొట్టండి."

అప్పుడు అందరం లోపలికి దూకాం. కొందరు గంపలు బయటికి అందించారు, మిగతావాళ్లం గోడ కొట్టాం. వెనక గోడలో కంత పడగానే నీళ్లు దాన్ని మా చేతుల్లోంచి లాక్కున్నట్టు తీసుకుపోయాయి. బాబాయ్ చెయ్యి పట్టుకుని పక్కింటి అరుగు మీదకి లాగాను. ముందు గోడ, అటక, కప్పు ఒకదాని తర్వాత ఒకటి కుంగి, ముక్కలై, నీళ్లతోబాటే పెద్ద కాలువలోకి కొట్టుకుపోయాయి. గోడౌను ఉన్న చోట కాలువ తిన్నగా పారుతోంది.

చాలాసేపటికి జిలానీ వంతెన మెట్లు దిగి వచ్చాడు. ఒళ్లంతా బురద. బాబాయ్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"తగ్గేయా?" అని అడిగాడు బాబాయ్.

"తగ్గేయండి. మోకాళ్ల దాకా వచ్చి తగ్గేయి."

బాబాయ్ తల ఊపి, అరుగు మీద కూలబడ్డాడు. నేను పక్కన కూర్చున్నాను.

"ఇయ్యాల నన్నెవరూ లేపలేదు," అన్నాడు. "రాసేటప్పుడు అది రాయి."

రాశాను.

స్వాతి కార్తె

విచారణ జరిగింది. ఎస్తేరు గారు సభని మోసం చేసిందా అన్నది ప్రశ్న. నన్ను సాక్షిగా పిలిచారు.

"పూడిక పేరుతో ఇళ్ల స్థలాల్లో కాలువ తవ్వుతున్నారని మీకు తెలుసా?" అని అధ్యక్షుడు అడిగాడు.

"తెలుసండి. స్థలం నాదే."

"మరి ఎందుకు ఆపలేదు?"

"నేనే ఇచ్చానండి. ఆపితే నీళ్లెటు పోవాలో సభ చెప్పలేదు."

రెండు తీర్పులిచ్చారు. కాలువ ఉంది కాబట్టి పాలకంపెనీ వీధి ఖాళీ చెయ్యనక్కర్లేదు. నియమాన్ని వంకరగా వాడుకున్నందుకు ఎస్తేరు గారి పదవి ఈ కార్తెతో సరి. ఆవిడ బయటికి వచ్చి, మెట్ల మీద కొంచెం ఏడ్చి, కళ్లు తుడుచుకుంది. సోమవారం నుంచి మళ్లీ ఆసుపత్రి తెరుస్తానంది. జిలానీ తనకో పన్ను కదులుతోందని అక్కడే నోరు తెరిచి చూపించాడు.

నేను బ్యాటరీలు మేడ మీది నుంచే ఇస్తున్నాను. కింద గంట కట్టాను. కొడితే తాడుతో దింపుతాను. మోకాళ్లు నొప్పి పుడుతున్నాయి, ఇంకేదైనా చూసుకోవాలి.

అబ్బులు బాబాయ్‌కి చోటు ఇవ్వడానికి మా వీధిలో చేపలు ఆరబోసుకునే డాబా ఎవరికీ లేదు, మా మేడకీ పెంకుల కప్పే. పాలకంపెనీ పాత ఆఫీసు మాత్రం డాబా. నిన్న రెండు వీధుల వాళ్లం కలిసి గంపలన్నీ వంతెన దాటించాం. బాబాయ్ అందరికంటే వెనక, మెట్టు మెట్టుకీ ఆగుతూ వచ్చాడు. ఇన్నేళ్లలో గట్టు అవతల అడుగు పెట్టడం ఇదే మొదలట. డాబా మీద వలలు పరిచి, సావిడాయ చేపలు ఒక పక్క, చిన్న నెత్తళ్లు ఒక పక్క ఆరబోశాడు. పక్కనే మెట్ల గది నీడలో బీబమ్మ కుర్చీ. కాలు ఇంకా నేల మోపలేదు కాబట్టి, కాకుల్ని తోలే పని తనే పెట్టుకుంది.

ఎండ ఎక్కేకొద్దీ వాసన లేచింది. బీబమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"అబ్బా, డాబా అంతా కంపు చేసేసేరండి."

బాబాయ్ చేతిలో చేప చేతిలోనే ఆగింది. వంగి, వల అంచు మడవబోయాడు. "తియ్యమంటే తీసేత్తానండి. ఇంకెక్కడైనా..."

"తియ్యమన్నానా?" అంది బీబమ్మ, కాకి మీదకి కర్ర ఊపుతూ. "కంపన్నానంతే. ఆ నెత్తళ్లు ఇంకాస్త ఎడంగా పరవండి, తొరగా ఎండుతాయి."